టేపుతో పాటే రంగు ఊడొస్తోందా? చెక్క లూర్‌లకి ఎయిర్‌బ్రష్ పట్టేవాళ్ళ కోసం

మీరు అడిగినవి మూడు. బాల్సా అనే తేలికపాటి చెక్కతో లూర్ (చేపలు పట్టడానికి వాడే చేప ఆకారపు ఎర) చెక్కి, ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్‌తో, నీటి ఆధారిత అక్రిలిక్ రంగులు కొట్టారు. ఒకటి, రంగు ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తోంది. రెండు, మాస్కింగ్ టేపు తీస్తుంటే కింది రంగు కూడా దాంతో పాటే ఊడొస్తోంది. మూడు, పైన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే పారదర్శక పూత) పూసినా నాలుగైదు సార్లు నీళ్ళలో పడేసరికి లిప్ (లూర్ నీళ్ళలో దిగేలా ముక్కు కింద అతికించే రేకు) దగ్గర చీలి, అక్కడ రంగు బొబ్బలా ఉబ్బింది. పొలుసులు వేస్తే తెల్ల వల కప్పుకున్న నల్ల చేపలా వచ్చింది, అవెలా వెయ్యాలని కూడా అడిగారు. చివర్లో, ఇంతకన్నా మంచి ఎయిర్‌బ్రష్ కొంటే ఇవన్నీ పోతాయా అన్నారు.

పోవు. మీ దగ్గరున్న 0.3 మిల్లీమీటర్ల నాజిల్, డబుల్ యాక్షన్ గన్ (ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చేది) ఈ పనికి చక్కగా సరిపోతుంది. మూడింట్లో గన్ దాకా వెళ్ళేది మొదటిదొక్కటే, అందులోనూ తప్పు గన్‌ది కాదు, కప్పులో పోసిన రంగుది. మిగతా రెండూ రంగుకి కింద, రంగుకి పైన జరిగినవి. లూర్ మీద రంగంటే రెండు పొరల మధ్య ఇరుక్కున్న పల్చటి పొర. కింద చెక్క కదిలితే అది కదులుతుంది, పైన ఎపాక్సీ పగిలితే అది తడుస్తుంది. అందుకే మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది.

బాల్సా నీళ్ళని స్పాంజిలా తాగుతుంది. పోగుకి అడ్డంగా కోసిన చోట, అంటే ముక్కు దగ్గరా తోక దగ్గరా, ఇంకా ఎక్కువ తాగుతుంది. తాగిన చెక్క ఉబ్బుతుంది. పైన గట్టిపడ్డ ఎపాక్సీ దాంతో పాటు సాగదు, చీలుతుంది. ఆ సన్నటి చీలికలోంచి ఇంకాస్త నీరు దిగుతుంది. మీరు చూసిన బొబ్బ ఇదే. ఇప్పుడు లిప్ దగ్గరే ఎందుకు మొదలైందో ఆలోచించండి. మీరు రాసిన వరసని బట్టి చూస్తే, ముందు చెక్కకి సీలర్ (నీళ్ళు ఇంకకుండా మూసే పూత) పూశారు, ఆ తర్వాత లిప్ కోసం గాడి కోశారు. అంటే గాడి లోపలి గోడలు పచ్చి చెక్కే. లిప్‌ని అతికించిన జిగురు అక్కడక్కడా పట్టింది కానీ గాడి మొత్తం మూసుకోలేదు. లూర్ రాయికి తగిలిన ప్రతిసారీ లిప్ దగ్గర అతుకు కొద్దిగా వదులవుతుంది, నీటికి అంతకన్నా దారి అక్కర్లేదు.

కాబట్టి బెజ్జాలు, గాడి, సీసం పెట్టే గుంట అన్నీ చేశాకే సీలర్. పల్చటి ఎపాక్సీ అయినా సరే, నీళ్ళలా ఉండే పల్చటి సూపర్ గ్లూ అయినా సరే. సూపర్ గ్లూ వేగంగా ఇంకి చెక్కని గట్టి చేస్తుంది, కాకపోతే ఘాటుకి కళ్ళు మండుతాయి, కిటికీ తీసి చెయ్యండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. చెక్కని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, వేడి ఆపేసి, అప్పుడు సీలర్ పుయ్యండి. చల్లారేకొద్దీ చెక్క లోపలి గాలి ముడుచుకుని సీలర్‌ని లోపలికి లాక్కుంటుంది. తిరగేసి చేశారా, అంటే చల్లటి చెక్కకి పూసి తర్వాత వేడి చేశారా, లోపలి గాలి వ్యాకోచించి బుడగలు బుడగలుగా బయటికొస్తుంది. ఎపాక్సీలో గుండుసూది బెజ్జాలు వస్తున్నాయని చాలామంది ఎపాక్సీని తిట్టుకుంటారు, పాపం దానికేం తెలియదు.

మొదటి పూత ఆరాక చెక్క పోగులు ముళ్ళలా లేచి నిలబడతాయి. 320 నంబరు శాండ్‌పేపర్‌తో సాఫు చేసి మళ్ళీ పూసి, చివర 400తో తేల్చండి. గాడిలోకి, ప్రతి బెజ్జంలోకి అగ్గిపుల్ల కొనతో సీలర్ దింపండి. లిప్‌ని మాత్రం రంగులన్నీ అయ్యాక అతికించండి, ఆపైన వేసే క్లియర్ కోటు, అంటే చివరి పారదర్శక పూత, ఆ అతుకుని కూడా కప్పేస్తుంది. రంగుకి వెళ్ళేముందే హుక్కులు, రింగులు తగిలించి బకెట్ నీళ్ళలో తేల్చి చూడండి, లిప్‌ని గాడిలో ఊరికే గుచ్చి పెడితే చాలు. రంగు, ఎపాక్సీ కలిసి బరువు పెంచుతాయి కాబట్టి ఈ దశలో లూర్ మీకు కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువే తేలాలి. చూడముచ్చటగా రంగేసిన లూర్ రాయిలా మునిగిపోతే ఆ బాధ వర్ణించలేం.

తర్వాత తెల్ల ప్రైమర్, అంటే రంగుకి కింద వేసే మొదటి పూత. తెలుపే ఎందుకంటే, పారదర్శక రంగులు, ముత్యపు రంగులు, ఫ్లోరెసెంట్ రంగులు అన్నీ వెలుతురు వాటి గుండా వెళ్ళి కింది తెలుపుని తాకి వెనక్కి వస్తేనే వెలుగుతాయి. చెక్క రంగు మీద నేరుగా ఫ్లోరెసెంట్ పసుపు కొడితే ఆవపిండి రంగులోకి దిగిపోతుంది. ప్రైమర్ ఆరాక 600తో ఒక్కసారి నిమిరి, ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తేలిగ్గా తుడిచి, ఇక అక్కడి నుంచి ఒళ్ళు ముట్టుకోకండి. హుక్ తగిలించే రింగుకి ఒక తీగ చుట్టి దాన్నే పిడిలా వాడండి. వేలి జిడ్డు కంటికి కనిపించదు కానీ, తర్వాత రంగో ఎపాక్సీయో సరిగ్గా అక్కడే చేపకన్నులా గుండ్రంగా విడిపోతుంది.

ఇప్పుడు మీ ఇసుక సంగతి. గన్‌లోంచి వచ్చిన రంగు బిందువు లూర్‌ని చేరేలోపే గాల్లో ఆరిపోతోంది. పొడిగా మారిన చుక్క అతుక్కోదు, కూర్చుంటుంది. రంగు చిక్కగా ఉండటం, గాలి ఒత్తిడి ఎక్కువవడం, చెయ్యి దూరమవడం, ఈ మూడూ కలిస్తే ఇలాగే అవుతుంది. మీరు 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలమానం) దగ్గర, జానెడు పైగా దూరం నుంచి కొడుతున్నానని రాశారు. రంగు చిక్కగా ఉంటే గన్‌లోంచి రాదు, రాదని ఒత్తిడి పెంచుతాం, పెంచితే చిమ్ముతుంది, చిమ్ముతోందని దూరం జరుగుతాం. మీరూ ఈ వరసలోనే వెళ్ళినట్టున్నారు.

వెనక్కి రండి. రంగు పాలంత పల్చగా ఉండాలి. కప్పు గోడకి కొంచెం రంగు పైకి ఎగజిమ్మి చూడండి. పల్చటి తెర వదులుతూ నెమ్మదిగా జారితే సరే. ముద్దలా అతుక్కుంటే ఇంకా చిక్కన, నీళ్ళలా జారిపోయి గోడ శుభ్రంగా మిగిలితే మరీ పల్చన. పల్చన చేయడానికి ఆ రంగు కంపెనీ ఇచ్చే రెడ్యూసరే వాడండి. ఉత్త నీళ్ళు ఎక్కువ కలిపితే రంగుని పట్టి ఉంచే బంక కూడా పల్చబడి, పొర బలహీనమవుతుంది. ఒత్తిడి 20 నుంచి 25 పీఎస్ఐ మధ్య పెట్టండి. అదీ ట్రిగ్గర్ నొక్కి గాలి వదులుతూ గేజి చూసి పెట్టాలి. గాలి ఆగి ఉన్నప్పుడు 25 చూపించే గేజి, నొక్కగానే 18కో 20కో పడిపోవచ్చు. దూరం, మొత్తం కప్పే పూతకి ఏడెనిమిది సెంటీమీటర్లు. చారలు, చుక్కలు వేసేటప్పుడు రంగు ఇంకాస్త పల్చన చేసి, ఒత్తిడి 15కి తగ్గించి, రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళండి.

ముందు ఒక తెల్ల కాగితం మీద కొట్టండి. ఒక చుక్క పెట్టి చూడండి. అంచుల నుంచి సాలీడు కాళ్ళలా గీతలు పాకితే రంగు మరీ పల్చనైంది, లేదా మరీ దగ్గరగా ఎక్కువ వదిలారు. చుక్క చుట్టూ పొడి చల్లినట్టుంటే చిక్కన. పూత లూర్ మీద పడ్డ క్షణంలో తడి మెరుపు ఒక్కసారి కనిపించి, రెండు మూడు సెకన్లలో మాసిపోవాలి. నా మటుకు నేను గేజి కన్నా ఆ మెరుపునే నమ్ముతాను.

ట్రిగ్గర్ అలవాటు గురించి ఒక్క మాట. ముందు కిందికి నొక్కి గాలి, తర్వాత వెనక్కి లాగి రంగు. ఆపేటప్పుడు ముందు రంగు ఆపి, గాలి చివర్లో. గాలి ముందే ఆపేస్తే సూది కొనకి ఒక బొట్టు వేలాడుతుంది, మళ్ళీ నొక్కగానే అది వెళ్ళి సరిగ్గా కన్ను దగ్గర పడుతుంది. ఎక్కడైనా పడొచ్చుగా, పడదు. చెయ్యి లూర్ బయట మొదలై లూర్ బయటే ఆగాలి. అక్రిలిక్ సూది కొన మీద ఆరిపోయి చిన్న కంతిలా పేరుకుంటుంది, కాబట్టి కొద్ది నిమిషాలకోసారి రెడ్యూసర్ అద్దిన మెత్తటి బ్రష్‌తో తుడవండి. కప్పులో బుడగలు వస్తుంటే నాజిల్ మూసుకుపోయిందన్నమాట, లేదా సరిగ్గా కూర్చోలేదు. రంగు ఒక పక్కకే పోతుంటే సూది కొన వంగింది. నాజిల్ బిగించేటప్పుడు మాత్రం బలం చూపించకండి, ఆ మర గోరంత కూడా ఉండదు, పుటుక్కున తెగుతుంది.

ఇక టేపు. నీటి ఆధారిత అక్రిలిక్ ముట్టుకుంటే ఆరినట్టు ఉంటుంది కానీ లోపల ఇంకా తేమ ఉంటుంది. ఆ తేమ పోయి రంగు కణాలు ఒకదానికొకటి కరిగి అతుక్కుంటేనే అది పొరవుతుంది. అందుకే ప్రతి పల్చటి పూతకీ హెయిర్ డ్రయ్యర్ పట్టాలి. క్రియేటెక్స్ లాంటి రంగులు వాడేవాళ్ళంతా ఈ వేడి పట్టడం మీదే ఆధారపడతారు. ఒకే చోట ఆపి కాల్చకండి, తిప్పుతూ ఉండండి, లూర్ గోరువెచ్చగా అయితే చాలు. ఎక్కువ వేడి చేస్తే మళ్ళీ ఆ లోపలి గాలి ఉబ్బి రంగుని లేపుతుంది. బోలు ప్లాస్టిక్ లూర్ అయితే వంకర కూడా పోతుంది.

టేపు కూడా తక్కువ జిగురుది తీసుకుని, ముందు రెండుసార్లు శుభ్రమైన నూలు గుడ్డకి అంటించి లాగండి, జిగురు ఇంకా తగ్గుతుంది. తీసేటప్పుడు పైకి పీకకుండా, దాని మీదికే వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి. అసలు నన్నడిగితే టేపు వీలైనంత తక్కువ వాడండి. ఏ చేపకైనా వెన్ను రంగుకీ పక్క రంగుకీ మధ్య టేపు పెట్టి గీసినట్టు గీత ఉంటుందా? గట్టి కాగితంతో అచ్చు కత్తిరించి, ఒంటికి నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుని కొట్టండి. అంచు మెత్తగా కరిగిపోతుంది. ఊడొచ్చే టెన్షనే ఉండదు.

పొలుసులు ఎలా వస్తాయని కూడా అడిగారు కాబట్టి అది కాస్త దగ్గరగా చూద్దాం. ఒంటికి రుద్దుకునే నైలాన్ జాలీ ఒకటి విప్పితే గొట్టంలా సాగుతుంది, దాని గళ్ళు పొలుసులకి బాగా నప్పుతాయి. లూర్‌ని జాలీలో చుట్టి, పొట్ట కింద పోగేసి, బట్టల క్లిప్పులతో బిగించండి. ఒంటికి ఎక్కడా ఎత్తుగా లేవకూడదు, లేచిన చోట పొలుసు మసకబారుతుంది. ఇప్పుడు గన్ నిటారుగా, ఒత్తిడి తక్కువగా, రంగు పొగలా. పక్క నుంచి వాలుగా కొడితే రంగు తీగల కిందికి దూరుతుంది. తడిసేంత కొట్టకండి, మూడు నాలుగు పొగ పూతలు చాలు. ప్రతి దానికీ మధ్య డ్రయ్యర్. ఆరాక క్లిప్పులు ఒక్కొక్కటే తీసి, జాలీని జరపకుండా నేరుగా ఎత్తాలి.

చాలామంది బోల్తా పడేది రంగుల వరసలో. జాలీ తీగల కింద ఏ రంగు దాగిందో అదే గీతగా మిగులుతుంది, గళ్ళలో పడ్డది పొలుసవుతుంది. నల్లటి గీతల మధ్య వెండి పొలుసులు కావాలంటే ముందు ముదురు బూడిద రంగు కొట్టి, జాలీ చుట్టి, పైన వెండి కొట్టాలి. మీరు తెలుపు మీద జాలీ వేసి నలుపు కొట్టారు, అందుకే తెల్ల వల కప్పుకున్న నల్ల చేప వచ్చింది. ఒళ్ళంతా పొలుసులు వెయ్యకండి కూడా. నడుమ భాగంలో స్పష్టంగా ఉండి, పొట్టవైపు మాయమైపోతేనే అసలు చేపలా ఉంటుంది. వెండి, ముత్యపు రంగుల్లో రేకు ముక్కలుంటాయి, 0.3 నాజిల్‌లో అడ్డుపడతాయి. కొనాలనే ఉంటే కొత్త గన్ కాదు, దానికే సరిపోయే 0.5 నాజిల్, సూది జత కొనండి.

వెన్ను ముదురు, పొట్ట లేత ఎందుకనేది అబట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1896లోనే వివరించాడు. వెలుతురు పైనుంచి పడుతుంది కాబట్టి వెన్ను మెరవాలి, పొట్ట నీడలో పడాలి. రంగు దానికి సరిగ్గా ఎదురుగా ఉంటే రెండూ కొట్టేసుకుని చేప గుండ్రటి రూపం మాయమవుతుంది. అది చేప దాక్కోవడానికి. మనకేమో లూర్ కనపడాలి. అందుకే అచ్చు చేపలా వేశాక ఏదో ఒకటి చెడగొట్టాలి, అంటే భుజం మీద ఒక నల్ల మచ్చ, పెద్ద కన్ను, మొప్ప దగ్గర ఎరుపు, పక్కన ఒక మెరుపు. నా పెట్టెలో చేపలు కొరికి కొరికి రంగు పోయిన లూర్‌లన్నీ మోటుగా, తేడా కొట్టొచ్చినట్టు కనిపించేవే. రాత్రంతా కూర్చుని ఒక్కో పొలుసూ దిద్దినవి కొత్తగానే ఉన్నాయి. ఎరుపు గురించి ఇంకొకటి. తేటనీళ్ళలో కూడా ఎర్ర వెలుతురే ముందు ఇంకిపోతుంది, కొన్ని మీటర్ల లోతుకే ఎరుపు నల్లబడుతుంది. లోతుకి దిగే లూర్‌కి ఎర్ర పొట్ట వేస్తే అది చూసి సంతోషించేది మనమే. ఫ్లోరెసెంట్ రంగు అలా కాదు, నీలి వెలుతుర్ని తీసుకుని తన రంగుగా తిరిగి ఇస్తుంది, కాబట్టి లోతులో కూడా తెలుస్తుంది.

చివర క్లియర్ కోటు. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో తన మొదటి లూర్‌ని బెండుతో చెక్కి, చాక్లెట్ చుట్టే రేకుతో మెరుపు తెచ్చి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైపూత వేశాడు. పైపూత లేకపోతే కింద ఎంత పనితనమున్నా నీళ్ళ పాలేనని ఆయనకి అప్పుడే తెలుసు. మనకి ఎపాక్సీ ఉంది. రెండు భాగాలు సమానంగా కలిపే రకమైతే నిజంగా సమానంగా కొలవండి. నేను మొదట్లో కంటి అంచనాతో చుక్కలు లెక్కపెట్టి కలిపేవాణ్ణి. అలా చేసిన ఆరు లూర్‌లలో రెండు నెల తర్వాత కూడా బంకబంకగా ఉండి, పెట్టెలో ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే రంగుతో సహా వచ్చాయి. ఇప్పుడు సూది లేని సిరంజిలతో కొలుస్తాను. కప్పు గోడలు, అడుగు గీకుతూ కనీసం రెండు నిమిషాలు కలిపి, ఇంకో శుభ్రమైన కప్పులోకి మార్చి మళ్ళీ కలపండి. కలవని ఎపాక్సీ ఎప్పుడూ గోడకే అంటుకుని ఉంటుంది.

మెత్తటి బ్రష్‌తో పూసి, లూర్‌ని నిమిషానికి 5 నుంచి 10 చుట్లు తిరిగే మోటారుకి తగిలించండి. మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్ళేన్ని తిప్పే చిన్న మోటారు సరిగ్గా ఈ వేగానిదే. ఎటువైపు తిరుగుతుందో ఒక్కోసారి దాని ఇష్టం, మనకి పట్టింపు లేదు. బుడగలుంటే లైటర్ మంటని దూరం నుంచి ఒక్క క్షణం పోనివ్వండి, ఆగితే రంగు మాడుతుంది. ఒక మందపాటి పూత కన్నా రెండు పల్చటివి మేలు. గాల్లో తేమ ఎక్కువున్న రోజున ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది, రెండో పూతకి ముందు దాన్ని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తేలిగ్గా గరుకు చెయ్యాలి. లేకపోతే రెండో పూత పొట్టులా లేస్తుంది.

ఆటోమొబైల్ రెండు భాగాల యురేథేన్ క్లియర్ గట్టిగా, మెరుస్తూ ఉంటుందని ఎవరైనా చెబుతారు, నిజమే. కానీ అందులో ఐసోసైనేట్‌లనే, ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలుంటాయి, మామూలు మాస్కుతో ఇంట్లో కొట్టే సరుకు కాదు. మీరు వాడే నీటి రంగుకైనా మాస్కు పెట్టుకోండి, ఊపిరితిత్తుల్లో రంగు రంగే. ఎపాక్సీకి నైట్రిల్ గ్లవ్స్ తప్పనిసరి. ఏళ్ళ తరబడి ఏమీ కాని చర్మం ఒకరోజు ఎలర్జీ మొదలుపెడితే ఇక ఆ పని జన్మలో చెయ్యలేరు. పూర్తయిన లూర్‌ని ఎరగా వాడే మెత్తటి రబ్బరు పురుగులున్న పెట్టెలో మాత్రం వెయ్యకండి, వాటిలోని నూనె లాంటి పదార్థం గట్టి పూతని కూడా కరిగిస్తుంది.

ఉబ్బిన ఆ లూర్‌ని పారెయ్యకండి. హుక్కులు తీసి, బొబ్బ ఉన్నంత మేర బ్లేడుతో చెక్క దాకా గీకి, లిప్ ఊగుతుంటే అదీ పీకేసి, వారం రోజులు గాలికి వదిలెయ్యండి. తొందరపడి సీలు చేస్తే నీళ్ళు లోపలే ఉండిపోతాయి. తూకం వేసి చూడండి, వరసగా రెండు రోజులు బరువు తగ్గకపోతే ఆరినట్టు. అప్పుడు గాడి లోపలా, గీకిన చోటా పల్చటి సూపర్ గ్లూ పట్టించి, అంచులు 400తో కలిపేసి, తెలుపు కొట్టండి. దాని మీద చుట్టుపక్కల రంగు కలవదు, ఎంత ప్రయత్నించినా అతుకు తెలుస్తుంది. కలపాలని చూడకండి. సరిగ్గా గొంతు కిందే కదా, అక్కడ మొప్ప ఆకారంలో ఎరుపు కొట్టేసి, లిప్ అతికించి, ముందు సగానికి మాత్రం ఎపాక్సీ పుయ్యండి.